చివర ఎవరండీ?

మంగళవారం టూరిస్టుల ఓడ వచ్చే రోజు. ఆ సంగతి రేవు ఊరైన కాదిజ్‌లో, సాన్ బ్లాస్ మార్కెట్లో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. పూలమ్మే ఆమె గుమ్మం ముందు రెండోసారి నీళ్ళు చల్లుతుంది. మాంసం కొట్టు పాకో ఉతికిన ఏప్రాన్ బయటికి తీస్తాడు. చేపల కొట్టు అరాసెలీ పొద్దున్న లేస్తూనే కిటికీ తెరిచి గాలి ఎటుందో చూస్తుంది.

ఆమె ఆ పూట సిరాచేపలు శుభ్రం చేస్తోంది. బొటనవేలు వీపు కింద దూర్చి తెల్లటి ఎముకని పైకి నెట్టాలి. సిరా సంచి చితక్కుండా రెండు వేళ్ళతో పట్టి, ఊపిరి బిగబట్టి లాగి, పక్కనున్న గిన్నెలో పడెయ్యాలి. పైచర్మాన్ని కాగితం ముక్కతో అదిమి పట్టుకుని ఒక్క లాగు లాగితే మొత్తం ఊడొస్తుంది. ముప్పయ్యేళ్ళుగా చేస్తున్న పని కాబట్టి చేతులు వాటంతటవే చేసుకుపోతాయి. అదే వచ్చిన చిక్కు. చేతులకి పని ఉన్నంతసేపూ బుర్ర ఖాళీగా ఉంటుంది, ఖాళీ దొరికితే భయాలొచ్చి కూర్చుంటాయి. కూతురు నియేవెస్ పొద్దున్న మెడకి ఏమీ చుట్టుకోకుండా వెళ్ళింది. ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసిందో లేదో. తూర్పు గాలి తిరిగేలా ఉంది, అది తిరిగితే ఈ కాదిజ్ ఊళ్ళో మంచివాళ్ళకి కూడా మతి నిలవదు. అన్నింటికీ అడుగున ఉన్న అసలు భయం ఒక్కటే: శుక్రవారం. వ్యాపారుల సంఘంలో నియేవెస్ చేరి ఆరువారాలు. ఉద్యోగంలో ఉంచుతారో పంపేస్తారో శుక్రవారం తేలుతుంది.

"చివర ఎవరండీ?"

ఆ గొంతు దోన్యా విసితాసియోన్‌ది. అందరికీ దోన్యా విసి. ఎనభై ఒకటి నిండాయి. సిస్టర్ల బడిలో నలభై ఏళ్ళు కుట్టుపని నేర్పింది, ఈ పేటలో సగం మంది ఆడవాళ్ళు ఆమె చేతిలో స్కేలుదెబ్బ తిన్నవాళ్ళే. కాలికి కట్టుతో ఉన్న రుఫీనా చెయ్యెత్తి నేనేనంది. "అయితే నీ తర్వాత నేను" అని చెప్పి, దోన్యా విసి తన చక్రాల సంచీని లాక్కుంటూ వెళ్ళి రొట్టెల కొట్టు పక్కనున్న బల్ల మీద కూర్చుంది. మోకాళ్ళు నిలబడనివ్వవు.

అంతే, వంతు తీసుకోవడం అంటే. నంబరు కాగితాలు లేవు, వరసగా నిలబడడం లేదు. వచ్చినవాళ్ళు చివర ఎవరని అడుగుతారు, ఆ మొహం గుర్తు పెట్టుకుంటారు, తర్వాత కాఫీకి పోయినా, పాకోతో పోట్లాటకి పోయినా వంతు వాళ్ళదే. చేప వాసన వస్తోందని గొడవలయ్యాయి గాని, వంతు దగ్గర గొడవలు అరాసెలీకి గుర్తున్నంత వరకూ రెండే. ఆ రెండింట్లోనూ తప్పు చేసినవాళ్ళ పేర్లు పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో ఒకాయన పోయి పదేళ్ళయింది.

పదకొండింటికి ఓడవాళ్ళు వచ్చారు. ముందు సంఘం కార్యదర్శి లియాంద్రో, నీలం సూటు, చేతిలో మడిచిన పసుపు గొడుగు. వెనక ఇరవై మంది, ఇరవై చేతుల్లో ఇరవై కాయితాలు. 'కాదిజ్‌లో ఎక్కడ కొనాలి' అని ఆ కాయితం పేరు. రేవు గేటు నుంచి ఒక ఎర్రగీత బయల్దేరి, పది దుకాణాల మీదుగా తిరిగి మళ్ళీ గేటుకి చేరుతుంది. ఏడో నంబరు అరాసెలీ కొట్టు. ఆ గీత గీసింది నియేవెసే, పది దుకాణాల గురించీ రాసిందీ నియేవెసే. ఆ కాయితాన్ని అరాసెలీ తన గదిలో మేరీమాత బొమ్మ వెనక పెట్టుకుంది.

ఇరవై మందీ నేరుగా వచ్చి చెక్కబల్లకి ఆనుకుని నిలబడ్డారు. వాళ్ళు ఎవర్నీ ఏమీ అడగలేదు. అడగాలని వాళ్ళకి ఎవరు చెప్పారు గనక. లియాంద్రో అరాసెలీ వైపు వంగి, వీళ్ళ ఓడ ఐదింటికి బయల్దేరుతుంది, ముందు వీళ్ళని కానివ్వమని మెల్లిగా చెప్పాడు. ఆయన ఎప్పుడూ మెల్లిగానే చెప్తాడు.

పచ్చి చేపని ఓడలోకి తీసుకెళ్ళి ఏం చేసుకుంటారు? అందుకే ఉడకబెట్టిన చిన్నరొయ్యలు కాగితం పొట్లాల్లో పోసి అమ్మమని సంఘం ముందే చెప్పింది. అరాసెలీ పొట్లం చుడుతుంది, రొయ్యలు పోస్తుంది, వాళ్ళు పొట్లంతో ఒక ఫోటో, అరాసెలీతో ఒక ఫోటో, మంచు మీద ఇంత నోరు తెరుచుకుని పడి ఉన్న పెద్ద చేపతో ఒక ఫోటో తీసుకుంటారు. రుఫీనా ముందే తన చేప తీసుకుని వెళ్ళిపోయింది. దోన్యా విసి బల్ల మీంచి లేచి, సంచీ లాక్కుంటూ వచ్చి, పొడుగాటి వీపుల వెనక నిలబడింది. రుఫీనా తర్వాత వంతు నాదే పిల్లా అంది.

అరాసెలీ తలెత్తింది. పక్కన లియాంద్రో నవ్వుతూ చూస్తున్నాడు.

"కాస్త ఆగండి దోన్యా విసీ" అంది.

దోన్యా విసి ఆగింది. గంట ఆగింది. ఆమెకి కావలసింది నాలుకచేపలు, అరచెయ్యి పొడుగున ఉండేవి, ఆరే ఆరు. ఆ రోజు వచ్చినవే అరకిలో. టోపీ పెట్టుకున్న ఒకావిడ వేలు పెట్టి చూపించి ఆ అరకిలో మొత్తం కొనేసింది. పొట్లం కట్టించి, చేతిలో పట్టుకుని భర్త చేత ఫోటో తీయించుకుని, పొట్లాన్ని చెక్కబల్ల మీదే వదిలి నవ్వుతూ టాటా చెప్పి వెళ్ళిపోయింది. గుంపు ఎనిమిదో నంబరుకి కదిలింది.

అరాసెలీ ఆ పొట్లాన్ని దోన్యా విసి ముందుకి జరిపింది. ముసలావిడ దాని వంక చూసింది గాని ముట్టుకోలేదు.

"అది ఇంకొకరు కొనుక్కున్నది" అని, ఖాళీ సంచీని చప్పుడు చేసుకుంటూ లాక్కుపోయింది.

మూడింటికి ఇంట్లో తల్లీకూతుళ్ళిద్దరూ అన్నానికి కూర్చున్నారు. సాసేజీ ముక్కలు వేసి వండిన మసూరుపప్పు కూర, రొట్టె. నియేవెస్‌కి ఇరవై ఏడేళ్ళు. తినేటప్పుడు కూడా పెన్ను జుట్టులోనే ఉంటుంది. ఇవాళ నీ దగ్గర ఎంతమంది ఆగారని అడిగింది. అందరూ ఆగారని అరాసెలీ చెప్పింది.

"చూశావా మరి. కాయితం వెయ్యకముందు వాళ్ళంతా ఫ్రిజ్‌కి అంటించుకునే బొమ్మలు కొనుక్కుని పోయేవాళ్ళు. మార్కెట్ అనేది ఒకటి ఉందని కూడా తెలీదు."

ఆ మాట నిజమే. మార్కెట్లో ఏడు కొట్లకి తాళాలు పడ్డాయి, ఎనిమిదోది ఎవరిదా అని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్న రోజుల్లో ఈ కాయితం వచ్చింది. అరాసెలీ గరిటె పట్టుకుని దోన్యా విసి సంగతి చెబుదామనుకుంది. చెప్తే ఏమవుతుంది? ఈ పిల్ల ఊరుకోదు. రేపే వెళ్ళి లియాంద్రోని నిలదీస్తుంది. శుక్రవారం ఇంకా రానే లేదు.

"పొద్దున్న మెడకేం చుట్టుకోలేదు నువ్వు" అంది.

"అమ్మా, ఇరవై రెండు డిగ్రీలు."

"గాలి తిరుగుతోంది."

నియేవెస్ రొట్టె ముక్కతో గిన్నె తుడుచుకుంటూ, ఈవిడకి ఎండలో కూడా జలుబు కనిపిస్తుందని గోడకి చెప్పింది.

బుధవారం ఓడ లేదు. తెల్లవారుజామున చేపల వేలంపాట దగ్గర అరాసెలీ నాలుకచేపలు ఒక్కొక్కటీ మొప్ప ఎత్తి చూసి, మెరుపు తగ్గనివి ఆరు ఏరి విడిగా పెట్టుకుంది. కొట్టు మూశాక దోన్యా విసి ఇంటికి వెళ్ళింది. మూడో అంతస్తు, మెట్లు. ప్రతి మలుపులోనూ ఆగి, ముసలావిడ నిన్నటి బెంగతో మంచం పట్టి ఉంటుందని ఒకసారి, తలుపు తీయదని ఒకసారి, తీసి పడిపోతుందని ఒకసారి అనుకుంది. తలుపు వెంటనే తెరుచుకుంది. దోన్యా విసి నోట్లో గుండుసూదులు పట్టుకుని ఉంది. లోపల మిషను మీద ఎవరిదో లంగా అంచు సగం కుట్టి ఉంది.

అరాసెలీ పొట్లం చాపింది. మంగళవారం జరిగినదానికి నొచ్చుకున్నానని, ఇవి డబ్బుకి కాదని, ఇంకా ఏదో చెప్పబోయింది. దోన్యా విసి సూదుల్ని ఒక్కొక్కటే నోట్లోంచి తీసి జాకెట్టుకి గుచ్చుకుంది.

"నాకేమన్నా జబ్బు చేసిందా?"

"అయ్యో, లేదు."

"మరి చేపని నా గుమ్మం దగ్గరికి ఎందుకు మోసుకొచ్చావు? నిన్న నీ కొట్టు దగ్గర నిలబడి అడిగాను. నువ్వు ఆగమన్నావు. ఆగాను. అక్కడ ఇవ్వనిది ఇక్కడ ఇస్తే తీసుకోవడానికి నేను బిచ్చమెత్తుకుంటున్నానా పిల్లా?"

మా అమ్మాయి, అని మొదలుపెట్టింది అరాసెలీ. శుక్రవారం గురించి చెప్పింది. దోన్యా విసి అంతా విన్నది. నియేవెస్‌కి చిన్నప్పుడు బటను కుట్టడం తనే నేర్పాననీ, ఆ పిల్ల దారం ముడి వెయ్యకుండానే కుట్టేసేదనీ గుర్తు చేసుకుంది. తర్వాత, ఆ పిల్ల ఉద్యోగానికీ తన వంతుకీ మధ్య ముడి వేసింది ఎవరని అడిగింది.

"తీసుకెళ్ళి మీరు వండుకోండి. రేపు నేనే వస్తాను. ఎనిమిదింటికి."

మెట్లు దిగుతూ అరాసెలీకి ఆ ఎనిమిది అనే మాట అరగలేదు. మార్కెట్ తెరిచేదే ఎనిమిదింటికి. దోన్యా విసి ఎప్పుడూ పది దాటాకే వస్తుంది.

గురువారం ఇంకో ఓడ వచ్చే రోజు, పైగా తూర్పు గాలి తిరిగింది. మార్కెట్ రేకులు దడదడలాడుతున్నాయి. తలుపులు తీయగానే దోన్యా విసి లోపలికి వచ్చి, ఖాళీగా ఉన్న కొట్టు ముందు నిలబడి చివర ఎవరండీ అని అడిగింది. ఎవరూ లేరు. అయితే నేనే మొదటని, ఏమీ కొనకుండానే వెళ్ళి తన బల్ల మీద కూర్చుంది. రెండు నిమిషాలకి రుఫీనా వచ్చింది, చివర ఎవరంది, బల్ల మీంచి చెయ్యి లేచింది, రుఫీనా కాఫీ కొట్టుకి వెళ్ళిపోయింది. తర్వాత తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరైన అక్కచెల్లెళ్ళిద్దరు. తర్వాత మందుల షాపు ఆవిడ తల్లి. తర్వాత ఒక చంటిపిల్ల తల్లి, తోపుడు బండితో సహా. ఒక్కొక్కరూ వస్తున్నారు, అడుగుతున్నారు, ఒకరి మొహం ఒకరు గుర్తు పెట్టుకుంటున్నారు, చెల్లాచెదురుగా పోతున్నారు. ఎవరికీ చేప తొందర లేదు. ఎవరన్నా నిజంగా తొందరలో ఉంటే, ముందున్నవాళ్ళు నవ్వుకుంటూ నువ్వు కానిచ్చుకోమంటున్నారు.

పదిన్నరకి అరాసెలీకి అర్థమైంది. కొట్టు ముందు పిల్లి కూడా లేదు. కాని వరస రొట్టెల కొట్టు దగ్గర మొదలై, కాఫీ కొట్టు, ఆలివ్‌కాయల పీపాలు, పాకో మాంసం బల్ల మీదుగా తిరిగి పూల దుకాణం దాకా ఉంది. కళ్ళకి కనపడని వరస. వాళ్ళలో ప్రతి ఒక్కరూ దోన్యా విసి దగ్గర కుట్టు నేర్చుకున్నవాళ్ళే.

చేతులు తుడుచుకుని దోన్యా విసి కూర్చున్న బల్ల దగ్గరికి పరిగెత్తినంత పని చేసింది. ఇవాళ వద్దని బతిమాలింది. ఒక్కరోజు ఆగమంది, వచ్చే మంగళవారం ఏం చేసుకున్నా సరేనంది. ఆమె కళ్ళ ముందు ఆపాటికే అంతా జరిగిపోతోంది: నియేవెస్ ఉద్యోగం పోతుంది, పని వెతుక్కుంటూ ఉత్తరాన బిల్బావో పోతుంది, అక్కడ రోజూ వాన, మెడకేం చుట్టుకోదు, ముక్కుతో మొదలైన జలుబు ఊపిరితిత్తులకి దిగుతుంది, ఆస్పత్రిలో పక్కన ఎవరూ ఉండరు.

దోన్యా విసి ఆమె తడి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"మేం ఏం చేస్తున్నాం పిల్లా? చేపలు కొనుక్కోవడానికి వచ్చి కూర్చున్నాం. నిన్నేమీ చెయ్యమనడం లేదే. రోజూ అడిగేదే అడుగు. అడగను, ఎవరు ముందు కనపడితే వాళ్ళకి పెడతాను అంటావా, అదీ నీ ఇష్టం. మేం ఇంటికి పోతాం."

ఆమె కోప్పడితే అరాసెలీకి తేలిగ్గా ఉండేది.

పదకొండుకి పసుపు గొడుగు గుమ్మంలో కనిపించింది. లియాంద్రో పక్కన నియేవెస్ కూడా ఉంది, మెడలో సంఘం కార్డు. ఇవాళ గుంపుకి ఇంగ్లీషులో చెప్పే పని ఆమెది. గుంపులో ముప్పై మంది ఉంటారు. ఎర్రగీత వెంట నడిచి వచ్చి ఏడో నంబరు ముందు ఆగారు. కొట్టు ముందు ఒక్కరూ లేకపోవడం చూసి లియాంద్రో మొహం విప్పారింది. చాలా బావుంది, ఇలాగే ఉండాలని మెచ్చుకుని, కానివ్వండన్నాడు.

ముందు నిలబడినతను ఎండకి కందిపోయిన పెద్ద మనిషి. రొయ్యల వైపు వేలు చూపించాడు. అరాసెలీ పొట్లం కాగితం అందుకుంది. మూలలు కలిపి మెలి తిప్పింది. గరిటె రొయ్యల్లో ముంచింది. అవి గరిటెలో మెల్లిగా జారుతున్నాయి. ఆమె చూపు అతని భుజం మీదుగా బల్ల దాకా వెళ్ళింది. దోన్యా విసి ఆమె వంక చూడడం లేదు, సంచీ పట్టీ సరిచేసుకుంటోంది. అడిగితే లేవడానికి, అడక్కపోతే ఇంటికి పోవడానికి, రెంటికీ సిద్ధంగా ఉన్నట్టు.

అరాసెలీ గరిటెని రొయ్యల్లోనే వదిలేసింది. ఏప్రాన్‌కి చేతులు తుడుచుకుంది.

"ఎవరిదండీ వంతు?"

"నాది" అంది దోన్యా విసి, బల్ల మీంచి.

రొట్టెల కొట్టు నుంచి చేపల కొట్టుకి ఇరవై అడుగులు. ఆమె వాటన్నిటినీ తీరిగ్గా నడిచింది. గుంపు రెండుగా చీలి దారిచ్చింది. నాలుకచేపలు ఆరు కావాలంది. అరాసెలీ ఒక్కొక్కదాన్నీ చూపిస్తుంటే, అది వద్దు, దాని పక్కది, తల ఉంచు, తోక కొట్టెయ్యి, అని ప్రతిదానికీ చెప్పింది. అరాసెలీ కత్తెరతో రెక్కలు కత్తిరించి, పొలుసు గీకి, కడిగి, పొట్లం కట్టింది. తర్వాత ఎవరని అడిగితే కాఫీ కొట్టులోంచి రుఫీనా చెయ్యి లేచింది. కాఫీ తాగేసి వస్తానని కేకేసింది. పాకో నవ్వాపుకోలేక మాంసం వైపు తిరిగాడు.

లియాంద్రోకి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కూడా నవ్వు తీసెయ్యలేదు. బల్ల మీదికి వంగి, అరాసెలీకి మాత్రమే వినపడాలన్నట్టు అన్నాడు.

"రేపు శుక్రవారమని గుర్తుందిగా, అరాసెలీ గారూ."

అరాసెలీ చేతిలో కత్తెర ఆగింది. పక్కనే ఉన్న నియేవెస్ అటు తిరిగింది.

"రేపు శుక్రవారమైతే మా అమ్మకేంటి?"

ఏమీ లేదన్నాడు లియాంద్రో. నియేవెస్ తల్లి వంక చూసింది. అరాసెలీ కళ్ళు దించి, ఇందాకే కడిగిన చెక్కబల్లని మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. నియేవెస్ ఆ చేతుల్ని చూసింది, వంతు లేకుండా నిలబడ్డ గుంపుని చూసింది, మార్కెట్ నాలుగు మూలలా తన వైపే చూస్తున్న ఆడవాళ్ళని చూసింది. మెడ దగ్గర్నుంచి చెవుల దాకా ఎర్రబడింది. చేతిలోని కాయితాన్ని తిప్పి రెండు పక్కలా చదివింది, అది తను రాసింది కానట్టు. ఏ దుకాణం ఎప్పుడు తెరుస్తారు, ఎక్కడ ఏం బావుంటుంది, నీళ్ళ కుళాయి ఎక్కడ, అన్నీ ఉన్నాయి అందులో. చివర ఎవరని అడగాలన్న ఒక్క ముక్క మాత్రం లేదు.

"నేను రాయలేదమ్మా. రాయాలని కూడా తట్టలేదు" అంది.

ఎలా తడుతుంది? ఈ ఊళ్ళో పుట్టిన వాళ్ళెవరికి తట్టినా ఆశ్చర్యమే. ఊపిరి పీల్చుకోమని ఎవరైనా కాయితంలో రాస్తారా?

నియేవెస్ గుంపుకి ఎదురుగా నిలబడింది. ముందు మార్కెట్ వైపు తిరిగి, చివర ఎవరండీ అని గట్టిగా అడిగింది. పూల దుకాణం దగ్గర చంటిపిల్ల తల్లి చెయ్యెత్తింది. ఆమె తర్వాత మేమని చెప్పి, అప్పుడు గుంపుతో ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. అరాసెలీకి ఒక్క మాట అర్థం కాలేదు. వేలితో చంటిపిల్ల తల్లిని చూపించడం, గడియారం చూపించడం, బల్లలు చూపించడం అర్థమయ్యాయి. లియాంద్రో ఆమెని మోచేతి దగ్గర పట్టుకోబోయాడు, ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని చెప్పడం ఆపలేదు.

సగం మంది గొడుగు వెనక వెళ్ళిపోయారు. వెళ్ళినవాళ్ళలో కొందరు విసుక్కున్నారు కూడా, విసుక్కోవడానికి ఏ భాషా అక్కర్లేదు. మిగతావాళ్ళు ఉన్నారు. ఎండకి కందిన ఆ పెద్ద మనిషి దోన్యా విసి పక్కన బల్ల మీద కూర్చుని గంటా పావు ఆగాడు. ఆమె అతని చొక్కాకి ఊగుతున్న బటను చూసి, సంచీలోంచి సూదీ దారం తీసి, అతను వేసుకుని ఉండగానే కుట్టేసింది.

ఆ మధ్యాహ్నం తల్లీకూతుళ్ళు ఎక్కువ మాట్లాడుకోలేదు. నాకెందుకు చెప్పలేదమ్మా అని నియేవెస్ అడిగింది. శుక్రవారం దాటాక చెబుదామనుకున్నానంది అరాసెలీ. నీకు ఎప్పుడూ ఏదో ఒక శుక్రవారం ఉంటుందని నియేవెస్ లేచి వెళ్ళిపోయింది.

శుక్రవారం పదింటికి లియాంద్రో ఒక్కడే వచ్చాడు. గొడుగు లేదు, చంకలో ఫైలు ఉంది. ఓడ లేని రోజు, కాని శుక్రవారం కాబట్టి చేపల కొట్టు దగ్గర జనం బాగానే ఉన్నారు. ఆయన పక్క నుంచి వచ్చి, రెండు నిమిషాలు మాట్లాడాలన్నాడు.

అరాసెలీ సొరచేపని ముక్కలు కోస్తోంది. కత్తి నడిమి గట్టిచోట ఆగినప్పుడు దాని మొండి అంచు మీద అరచేత్తో ఒక దెబ్బ వెయ్యాలి. వేసింది.

"వంతు అడిగారా?"

కొనడానికి రాలేదన్నాడు. ఈ బల్ల దగ్గరికి ఎందుకొచ్చినా అంతేనంది అరాసెలీ. ముందు ఆయన, ఆమె హాస్యమాడుతోందేమో అనుకున్నాడు. తర్వాత చుట్టూ చూసి, చివర ఎవరని గొణిగాడు.

"వినపడలేదు" అంది రుఫీనా.

"చివర ఎవరండీ?"

నేనేనంది రుఫీనా. ఆమె ముందు నలుగురున్నారు. లియాంద్రో అరగంటకి పైగా నిలబడ్డాడు. ఫైలుని ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. మంచు కరిగిన నీళ్ళు బూట్ల దాకా వస్తే ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆయన వంతు వచ్చేసరికి ముందు కొనుక్కున్నవాళ్ళెవరూ వెళ్ళలేదు. సంచులు పట్టుకుని, ధరలు చూస్తున్నట్టు అక్కడే ఉన్నారు.

ఫైలులోంచి రెండు కాయితాలు తీసి, తడి లేని చోటు వెతికి, పక్కపక్కన పెట్టాడు. ఒకటి నియేవెస్ ఉద్యోగం ఖాయమైనట్టు. రెండోది, ఓడ వచ్చిన రోజుల్లో సంఘం తీసుకొచ్చిన గుంపుకే ముందు అమ్ముతానని ఏడో నంబరు ఒప్పుకుంటున్నట్టు.

"ఇక్కడ మీ సంతకం. ఇక్కడ నాది. ఒకటి పడితే రెండోదీ పడుతుంది. ఇందులో ఎవరికీ నష్టం లేదు."

అరాసెలీ చేతులు కడుక్కుంది, తుడుచుకుంది, కళ్ళజోడు పెట్టుకుంది. ఆమె చదువు తక్కువ, చదివితే వేలు పెట్టుకుని అక్షరం అక్షరం చదువుతుంది. మొదటి కాయితంలో కూతురి పేరు తండ్రిదీ తల్లిదీ రెండు ఇంటిపేర్లతో సహా పూర్తిగా ఉంది. ఆ పేరు దగ్గర వేలు చాలాసేపు ఆగింది. బిల్బావో వాన కళ్ళ ముందుకి వచ్చింది, ఆస్పత్రి మంచం వచ్చింది. రెండో కాయితం రెండుసార్లు చదివింది. ఎవరూ తొందర పెట్టలేదు. తర్వాత రెండింటినీ కలిపి, అంచులు సరిచేసి, ఆయన వైపు జరిపింది.

"పెట్టను."

మీ అమ్మాయి గురించి ఆలోచించండి, అన్నాడు లియాంద్రో. మొదటిసారి ఆయన గొంతు కాస్త పెద్దదైంది.

"ఆలోచించడం తప్ప నేను ఇంకేం పని చేస్తానండీ? అది పుట్టిన దగ్గర్నుంచీ అదే పని. ఈ ఆరువారాలూ నిద్ర కూడా మానుకుని చేశాను." ఆమె కత్తి అందుకుంది. "మీకు సొరచేప కావాలా? వద్దా? తర్వాత ఎవరు?"

నేనంది ఒక ఆడగొంతు. ఆయన ఇంకా అక్కడే ఉంటే ఆ గొంతు గల మనిషి ఆయన్ని భుజంతో పక్కకి జరిపి సంచీ బల్ల మీద పెట్టింది.

ఆ పూటంతా అరాసెలీ చేతులు పని చేస్తూనే ఉన్నాయి. తప్పు కొట్టలేదు, ఒక్క సిరా సంచీ చితకలేదు. రెండింటికి మంచు ఊడ్చి, బల్ల కడిగి, షట్టరు దించి ఇంటి దారి పట్టింది. కూతురికి ఎలా చెప్పాలి? నీ పేరున్న కాయితం నా ముందు పెట్టారు, నేను వెనక్కి తోసేశాను అని చెప్పాలా? నీకు ఇంకొకటి దొరుకుతుంది అని మొదలుపెట్టాలా? రేపే చెబితే? వీధి మలుపులో ఆగింది, గాలికి చెంగులా ఎగురుతున్న ఏప్రాన్‌ని మడిచి సంచీలో కుక్కింది, మళ్ళీ నడిచింది.

తలుపు తీసేసరికి వంటింట్లో నూనె చిటపటలాడుతోంది. నియేవెస్ బంగాళాదుంపలు వేయిస్తోంది. మెడలో కార్డు లేదు. ఈ వేళకి ఆమె ఆఫీసులో ఉండాలి.

అరాసెలీ సంచీ కింద పెట్టకుండానే చెప్పేసింది.

"నేను సంతకం పెట్టలేదే."

"నీ దగ్గరికి కూడా వచ్చాడా?" అంది నియేవెస్, అట్లకాడతో ముక్కల్ని తిరగేస్తూ. "ఎన్నింటికి?"

"పదింటికి."

"నన్ను తొమ్మిదింటికే అడిగాడు. వెళ్ళి మీ అమ్మ చేత పెట్టించుకు రా అన్నాడు. మా అమ్మ పెట్టదండీ అని చెప్పి, కార్డు టేబుల్ మీద పెట్టి వచ్చేశాను."

అరాసెలీ సంచీ కింద పెట్టింది.

"తొమ్మిదింటికి నీకెలా తెలుసు పెట్టనని? పదింటి దాకా నాకే తెలీదు."

నియేవెస్ వెనక్కి తిరిగి తల్లిని పైనుంచి కిందికి చూసింది, ఇదేం ప్రశ్న అన్నట్టు. ఉప్పు ఎక్కడుందని అడిగింది.

అరాసెలీ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఉద్యోగం పోయింది. ఏడో నంబరు కూడా కాయితం మీంచి పోతుంది, ఇవాళో రేపో. ఇక భయం రావాలి, ఆమె దాని కోసం ఎదురు చూసింది, అది వచ్చే దారి ఆమెకి బాగా తెలుసు, ముందు మోకాళ్ళలోంచి మొదలవుతుంది. మోకాళ్ళు ఊరికే ఉన్నాయి. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని మాత్రం తెలిసింది.

"నాకు రెండు గుడ్లు వెయ్యి" అంది. "కాదు, మూడు వెయ్యి."